ప్రొప్రనలోల్‌తో చేతుల వణుకు తగ్గలేదు, ఇంకేం మందులున్నాయి?

మీరు రాసిందంతా చదివానమ్మా. నాన్నగారికి 63, తెనాల్లో టైలరింగ్ షాపు, నాలుగైదేళ్లుగా రెండు చేతులూ వణుకుతున్నాయి, సూదిలో దారం ఎక్కించడం, కాజాలు కుట్టడం, టీ గ్లాసు నోటిదాకా తీసుకెళ్లడం కష్టమైపోయింది, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే మాత్రం వణకవు, మీ నాయనమ్మగారికి కూడా ఇలాగే ఉండేది. ఒక డాక్టరుగారు ఎసెన్షియల్ ట్రెమర్ (పని చేసేటప్పుడు చేతులు వణికే జబ్బు) అని చెప్పి ప్రొప్రనలోల్ 20 పొద్దున ఒకటి రాత్రి ఒకటి ఇచ్చారు, నెల వాడినా తేడా లేదు. ఇంకొకాయన ప్రిమిడోన్ రాస్తే మెడికల్ షాపులో అబ్బాయి "ఇది ఫిట్స్ మాత్ర కదండీ" అన్నాడు, దాంతో నాన్నగారు భయపడి స్ట్రిప్పు తెరవనే లేదు. బీపీకి ఆమ్లోడిపిన్ 5, గ్యాస్‌కి ఏదో క్యాప్సూల్ చాలా ఏళ్లుగా. ఇంకేం మందులున్నాయి, ఇది పార్కిన్సన్స్‌లోకి దిగుతుందా, నాక్కూడా వస్తుందా అన్నవి మీ ప్రశ్నలు.

నేను న్యూరాలజీ ఓపీలో ఇలాంటి చేతులే రోజూ చూస్తుంటాను కాబట్టి కాస్త పెద్దగానే రాస్తా, కానీ ఎదురుగా కూర్చోబెట్టుకుని చూడలేదు కాబట్టి డోసులు మీరే పెంచేసుకోమాకండి, ఇది పట్టుకెళ్లి మీ డాక్టరుగారితో మాట్లాడండి.

మొట్టమొదట ఆ గ్యాస్ క్యాప్సూల్ స్ట్రిప్పు వెనక్కి తిప్పి చదవండి. రాబెప్రజోల్ అనో పాంటప్రజోల్ అనో ఉండి దాని పక్కన లెవోసల్పిరైడ్ అని ఉందా? ఉంటే అసలు కథ అక్కడే ఉండొచ్చు. మన దగ్గర ఇది కడుపుబ్బరానికి, తేన్పులకి తెగ రాస్తారు, జనం ఆ చీటీ పట్టుకుని ఏళ్ల తరబడి కొనుక్కుంటూనే ఉంటారు. అది మెదడులో కదలికల్ని నడిపే డోపమిన్ అనే రసాయనాన్ని అడ్డుకుంటుంది, కొందరిలో, ముఖ్యంగా అరవై దాటినవాళ్లలో, వణుకు, నడక నెమ్మదించడం, ఒళ్లు బిగుసుకోవడం తెప్పిస్తుంది. వాంతులకిచ్చే మెటోక్లోప్రమైడ్, కళ్లు తిరిగితే వాడే సిన్నరిజిన్, తలనొప్పికిచ్చే ఫ్లూనరిజిన్ కూడా ఇదే బాపతు. ఇంకో తిరకాసు చెప్తా, మైగ్రేన్ కోసం ప్రొప్రనలోల్, ఫ్లూనరిజిన్ రెండూ కలిపిన మాత్రలు మన మార్కెట్లో దొరుకుతాయి, పేర్లు దగ్గరదగ్గరగా ఉంటాయి, షాపులో ఉన్నది ఇచ్చేస్తే మనం వణుకు తగ్గించే మాత్రతో పాటు వణుకు పెంచేదీ మింగుతున్నట్టు. అందుకే మీ ప్రొప్రనలోల్ స్ట్రిప్పు మీద ఒక్క మందు పేరే ఉందో లేదో చూడండి. ఇలాంటివి ఉంటే డాక్టరుగారితో చెప్పి మాన్పించాలి, మానేశాక కూడా వారంలో తగ్గిపోదు, కొన్ని వారాల నుంచి నెలలు పడుతుంది.

ఆస్తమాకి పీల్చే సాల్బుటమాల్, ఆయాసానికిచ్చే థియోఫిలిన్, ఫిట్స్‌కిచ్చే వాల్‌ప్రోయేట్, మానసిక సమస్యకిచ్చే లిథియం, ఇవి కూడా చేతులు వణికిస్తాయి. థైరాయిడ్ ఎక్కువైనా వణుకుతాయి, ఒక టీఎస్‌హెచ్ టెస్టు చేయించడం తప్పనిసరి. నలభై లోపు వయసువాళ్లకి వణుకొస్తే విల్సన్స్ అనే రాగి జబ్బు కూడా చూడాలి, నాన్నగారి వయసుకి అది ఆలోచించక్కర్లేదు.

ఇక "నరాల బలహీనత" అని చెప్పి బీట్వెల్వ్ ఇంజెక్షన్లు పొడిపించుకోవడం. పరీక్ష చేస్తే బీట్వెల్వ్ తక్కువుంది, సరే, పొడిపించుకోండి. తక్కువ లేకుండా ఎన్ని పొడిపించుకున్నా ఎసెన్షియల్ ట్రెమర్ కదలదు. ఇది నరాలు సన్నబడిపోయే జబ్బు కాదు, చెయ్యి కదలికని అదుపు చేసే సెరిబెల్లం, థాలమస్ అనే మెదడు భాగాల మధ్య సర్క్యూట్లో వచ్చే తేడా.

ఇప్పుడు ప్రొప్రనలోల్. అమెరికాలో మందులకి అనుమతిచ్చే ఎఫ్‌డీఏ ఈ జబ్బుకని ప్రత్యేకంగా ఆమోదించిన మాత్ర ఇదొక్కటే, మిగతావన్నీ వేరే జబ్బుల కోసం వచ్చి ఇక్కడ పనికొచ్చినవి. మీ నాన్నగారు వేసుకుంటున్నది రోజుకి మొత్తం 40 మిల్లీగ్రాములు. మొదలెట్టడానికి అది మంచి డోసే, ఆ వయసుకి అలాగే మొదలెట్టాలి కూడా, కానీ అక్కడే ఆగిపోతే ఎలా? రీసెర్చిలో వాడిన డోసులు 60 నుంచి 320 దాకా ఉన్నాయి, మామూలుగా గుణం కనపడేది 120 దాటాకే. అంటే మందు ఫెయిలవలేదు, మందు ఇంకా సరిగ్గా మొదలే కాలేదు. ఒకటి రెండు వారాలకోసారి కొంచెం కొంచెం పెంచుకుంటూ, పల్స్ చూసుకుంటూ, పెద్దవాళ్లలో ఇంకా నెమ్మదిగా వెళ్తాం. నిమిషానికి 55 కన్నా తగ్గినా, లేచి నిలబడగానే కళ్లు తిరిగినా అక్కడ ఆపుతాం. డోసు కుదిరాక రోజుకొక్కసారి వేసుకునే, ఒంట్లో నెమ్మదిగా కరిగే ఎల్ఏ లేదా టీఆర్ రకానికి మార్చొచ్చు, మర్చిపోయే బాధ తగ్గుతుంది, దాన్ని నలిపి వేసుకోకూడదు అంతే.

ఆమ్లోడిపిన్‌తో పాటు వాడొచ్చు, కాకపోతే రెండూ బీపీ తగ్గిస్తాయి కాబట్టి డోసు పెరిగేకొద్దీ బీపీ మాత్ర తగ్గించాల్సి రావచ్చు, ఒక్కోసారి అసలు అక్కర్లేకుండానే పోవచ్చు. అదే ఆయన వెరాపమిల్ గానీ డిల్టియజెమ్ గానీ వాడుతుంటే మాత్రం కథ వేరు, గుండె వేగం మరీ పడిపోతుంది, కలపకూడదు.

ప్రొప్రనలోల్ ఎవరికివ్వకూడదో కూడా చెప్పాలి. ఆస్తమా ఉంటే వద్దు, చిన్నప్పుడు ఉండి పోయిందన్నా డాక్టరుకి చెప్పాలి. హార్ట్ బ్లాక్, అంటే రక్తనాళం మూసుకోవడం కాదు, గుండెలో కరెంటు సరిగ్గా పారకపోవడం, అది ఉండి పల్స్ ముందే తక్కువున్నవాళ్లకి వద్దు, అందుకే మొదలెట్టే ముందు ఒక ఈసీజీ తీయించడం మంచిది. సుగర్‌కి ఇన్సులిన్ వాడేవాళ్లు జాగ్రత్త, సుగర్ పడిపోయినప్పుడు గుండె దడ, వణుకు వచ్చి మనల్ని హెచ్చరిస్తాయి కదా, ఇది ఆ రెండింటినీ కప్పేస్తుంది, చెమటలు మాత్రం పడతాయి కాబట్టి ఉన్నట్టుండి చెమట పడితే వెంటనే సుగర్ చూసుకోవాలి. నీరసం, అరికాళ్లు చల్లబడడం, రాత్రిళ్లు వింత కలలు కొందరికి ఉంటాయి. మగవాళ్లలో సెక్స్ సమస్య కూడా రావచ్చు, మన పెద్దవాళ్లు ఈ మాట డాక్టరు దగ్గర చచ్చినా ఎత్తరు, చెప్పాపెట్టకుండా మాత్ర మానేస్తారు. అలా ఒక్కసారిగా మానెయ్యడమే అన్నిటికన్నా ప్రమాదం, గుండె వేగం, బీపీ ఎగదన్నుతాయి, గుండె జబ్బు ఉన్నవాళ్లకి ఛాతీనొప్పి రావచ్చు. మానాలంటే దించుకుంటూ మానాలి.

ఇంకో పద్ధతి కూడా ఉంది, వణుకు మరీ ఎక్కువ లేకుండా నలుగురిలోకి వెళ్లినప్పుడే ఇబ్బందిపడేవాళ్లు రోజూ వేసుకోకుండా పెళ్లికో, బ్యాంకులో సంతకానికో వెళ్లే గంట ముందు ఒక చిన్న డోసు వేసుకోవచ్చు. మొదటిసారి ఇంట్లో ఉన్నరోజు వేసుకుని ఒంటికి పడుతుందో లేదో చూసుకోవాలి. మీ నాన్నగారికి రోజంతా సూదితోనే పని కాబట్టి ఆయనకిది చాలదు.

ప్రిమిడోన్ సంగతి. షాపబ్బాయి అన్నది అబద్ధం కాదు, అది ఫిట్స్ మాత్రే, అయితే వణుకుకి కూడా ప్రొప్రనలోల్‌తో సమానంగా పనిచేస్తుందని ఎనభైల నుంచీ తెలుసు. అమెరికన్ అకాడమీ ఆఫ్ న్యూరాలజీ వాళ్లు 2011లో సరిచేసిన గైడ్‌లైన్‌లో మొదటి వరసలో పెట్టింది ఈ రెండిటినే. ఫిట్స్ మాత్ర వేసుకున్నంత మాత్రాన ఫిట్స్ రావు, ఫిట్స్ ఉన్నట్టూ కాదు, ఈ మాట నాన్నగారికి మీరే ఓపిగ్గా చెప్పాలి.

దీంతో అసలు చిక్కు మొదటి రెండు మూడు రోజులే. ఇక్కడ ఎక్కువగా దొరికేది 250 మాత్ర. పాపం కొందరు సగం వేసుకుని పడుకుంటారు, పొద్దున లేచేసరికి తల తిరుగుడు, వాంతులు, తాగినవాడిలా తూలుడు, "ఈ దరిద్రపు మాత్ర నాకొద్దు" అని డస్ట్‌బిన్‌లో పడేస్తారు. ఆ రియాక్షన్ నిజంగానే వస్తుంది, చిన్న డోసుకి కూడా వస్తుంది, కానీ చాలామందిలో కొన్ని రోజుల్లో సర్దుకుంటుంది. అందుకే 25 దగ్గర మొదలెట్టాలంటారు, 250 మాత్రని నాలుగు ముక్కలు చేస్తే ఒక్కోటి 62.5, దాన్ని మళ్లీ సగం చేస్తే సుమారు 31, మాత్రలు కోసే చిన్న కట్టర్ మెడికల్ షాపులో దొరుకుతుంది, సరిగ్గా రాకపోయినా ఫర్వాలేదు. రాత్రి పడుకునే ముందు, మర్నాడు షాపు సెలవున్న రోజు చూసుకుని, ఇంట్లో ఇంకో మనిషి ఉండగా మొదలెట్టించండి, బాత్రూం లైటు వేసి ఉంచండి. తర్వాత వారానికింత అని పెంచితే చాలామందికి రాత్రిపూట 125 నుంచి 250 మధ్యలో ఫలితం తెలుస్తుంది, అంతకన్నా పెంచితే మత్తు పెరిగినంతగా లాభం పెరగడం నేనైతే పెద్దగా చూడలేదు.

ఇది లివర్‌లో కొన్ని మందుల్ని త్వరగా కరిగించేస్తుంది. రక్తం పల్చబడే వార్ఫరిన్ వాడేవాళ్లు ముందే చెప్పాలి. ఆమ్లోడిపిన్ పవర్ కూడా తగ్గొచ్చు కాబట్టి మొదలెట్టాక రెండు మూడు వారాలకి బీపీ మళ్లీ చూపించండి, నిన్నటిదాకా బాగున్న బీపీ ఎందుకు పెరిగిందని కంగారుపడకుండా ఉంటారు. దీన్నీ ఒక్కసారిగా ఆపకూడదు, ఆపితే ఫిట్స్ వచ్చే అవకాశం ఉంది.

ప్రొప్రనలోల్ పల్స్ ఒప్పుకున్నంత దాకా పెంచాక కూడా చాలకపోతే, దాన్ని తీసెయ్యకుండా దానికే ప్రిమిడోన్ కలపొచ్చు. ఒకటే పెద్ద డోసులో వాడడం కన్నా రెండూ చిన్న డోసుల్లో వాడితే కొందరికి హాయిగా ఉంటుంది. మీ నాన్నగారి విషయంలో నా మొగ్గు ఇటే, ముందు ప్రొప్రనలోల్ సరైన డోసుకి తీసుకెళ్లడం, ఆ తర్వాత అవసరమైతే ప్రిమిడోన్ పిసరంత కలపడం.

ఈ రెండూ పడకపోతే టొపిరమేట్. రాత్రి 25తో మొదలుపెట్టి వారానికి 25 చొప్పున పెంచుతాం, రీసెర్చిలో 400 దాకా వెళ్లారు గానీ అన్ని తట్టుకునేవాళ్లు తక్కువ. వేళ్ల చివర్ల చిమచిమ, ఆకలి తగ్గి బరువు తగ్గడం, మాట్లాడుతుంటే తెలిసిన మాటే నోటికి రాకపోవడం దీని లక్షణాలు. షాపులో కస్టమర్లతో కొలతలు మాట్లాడాల్సిన మనిషికి ఆ చివరిది చికాకే. కిడ్నీలో రాళ్లున్నవాళ్లకి ఇవ్వకపోవడమే మంచిది, మిగతావాళ్లు నీళ్లు బాగా తాగాలి. చెమట పట్టడం తగ్గిస్తుంది, మన మే నెల ఎండల్లో రేకుల షెడ్డులో ఇస్త్రీ పెట్టె పక్కన పనిచేసేవాళ్లకి ఇది చిన్న విషయం కాదు. ఉన్నట్టుండి కన్ను నొప్పి పుట్టి చూపు మసకబారితే మాత్ర ఆపి అదే రోజు కంటి డాక్టరు దగ్గరికి పరిగెత్తాలి.

గబాపెంటిన్ ఇంకోటి. రీసెర్చిలో రోజుకి 1200 ఆ పైన వాడారు, కొన్నిట్లో పనిచేసింది కొన్నిట్లో లేదు. మత్తు, పాదాల వాపు ఉంటాయి, కిడ్నీలు బలహీనంగా ఉంటే డోసు తగ్గించాలి. ప్రొప్రనలోల్ పడనివాళ్లకి అటెనొలోల్ ఇస్తుంటారు, దానికన్నా కొంచెం వీకు, ఆస్తమా వాళ్లకి అదీ పూర్తి సేఫ్ అనుకోకూడదు.

అల్‌ప్రజోలమ్, క్లోనజిపామ్ గురించి ఒక్క మాట. టెన్షన్‌తో వణుకు రెట్టింపయ్యేవాళ్లకి ఇవి పనిచేస్తాయి, అబద్ధం చెప్పను, వేసుకున్న రోజే తేడా తెలుస్తుంది. అదే తంటా. అలవాటైపోతాయి, డోసు పెరుగుతూ పోతుంది, అరవై దాటినవాళ్లు రాత్రి బాత్రూంకి లేచి పడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంటారు. నేను చాలా తక్కువమందికి, చాలా తక్కువ రోజులకి రాస్తాను.

వద్దని చెప్పేవి కూడా ఉన్నాయి. వణుకు అనగానే ట్రైహెక్సీఫెనిడిల్ గానీ, పార్కిన్సన్స్‌కిచ్చే లెవోడోపా గానీ రాసేస్తుంటారు కొందరు. ఎసెన్షియల్ ట్రెమర్‌కి ఇవి పనిచెయ్యవు, మొదటిదైతే పెద్దవాళ్లలో మతిమరుపు, మలబద్ధకం, మూత్రం ఆగిపోవడం తెస్తుంది. ఒక పెగ్గు వేస్తే చెయ్యి కుదురుతుందని కొందరు మగవాళ్లు చెప్తారు, అది నిజమే, ఈ జబ్బులో చాలామందికి అలాగే ఉంటుంది, డాక్టర్లు ఆ ప్రశ్న అడిగేది కూడా అందుకే. కానీ దిగాక వణుకు ఇంకాస్త ఎక్కువై తిరిగొస్తుంది, దాన్ని మందుగా పెట్టుకుంటే అలవాటైపోతుంది.

ఇప్పుడు మందు పనిచేస్తోందో లేదో ఎలా తెలుసుకోవాలి. "ఎలా ఉంది నాన్నా" అని అడిగితే "ఏదోలే" అంటారు, దాంతో ఏమీ తేలదు. ఒక నోటుబుక్కు పెట్టండి. డోసు పెంచే ముందు, పెంచిన వారానికి, ఒకే టైంలో, ఆయనతో తెల్లకాగితం మీద మధ్యలో మొదలుపెట్టి బయటికి చుట్టుకుంటూ వెళ్లే జిలేబీ చుట్ట ఒకటి గీయించండి, ముంజేయి బల్లకి ఆనించకుండా, కుడిచేత్తో ఒకటి ఎడమచేత్తో ఒకటి. కింద ఒక సంతకం పెట్టించి, తారీఖు, మాత్ర పేరు, డోసు, పల్స్ రాసుకోండి. తర్వాత నిండు గ్లాసులోంచి ఖాళీ గ్లాసులోకి నీళ్లు పోయించి ఎన్ని ఒలికాయో చూడండి. నాలుగైదు కాగితాలు పక్కపక్కన పెడితే డాక్టరుకి అరనిమిషంలో విషయం అర్థమైపోతుంది, నా టేబుల్ మీదకి ఇలాంటి నోటుబుక్కు వస్తే ఎమ్మారై ఫిలిం కన్నా ముందు అదే చూస్తాను.

ఎంత తగ్గుతుందని ఆశపెట్టుకోవాలో కూడా చెప్తా. మందు పడినవాళ్లలో వణుకు సుమారు సగానికి తగ్గుతుంది, సున్నా అవ్వదు. మూడో వంతు మందికో అంతకన్నా ఎక్కువమందికో ఈ మాత్రలేవీ చెప్పుకోదగ్గ తేడా చూపించవు. అందుకే "వణుకు పోవాలి" అని కాకుండా "కాజా కుట్టగలగాలి" అనో "గ్లాసు ఒలక్కూడదు" అనో ఒక పని పెట్టుకోండి, ఆ పని జరిగే డోసు దగ్గర ఆగండి, దాని మీద పెంచితే వచ్చేది నీరసమే. మిగతాది ఉపాయాలతో లాక్కురావాలి, సూదికి దారం ఎక్కించే చిన్న రేకు ఫ్యాన్సీ షాపుల్లో దొరుకుతుంది, మోచేతులు బల్లకి ఆనించి కుట్టడం, బరువైన స్టీలు గ్లాసులో సగమే పోయించుకోవడం, టీ కాఫీలు కాస్త తగ్గించడం, కాజాల పని వీలైతే మిషన్‌కి ఇచ్చెయ్యడం.

బొటాక్స్ ఇంజెక్షన్ తల ఊగడానికి, గొంతు వణకడానికి బాగుంటుంది, మూడు నాలుగు నెలలకోసారి మళ్లీ చేయించుకోవాలి. చేతికి చేస్తే వేళ్ల పట్టు తగ్గుతుంది, టైలర్‌కి నేను చచ్చినా చెప్పను. అన్నీ అయిపోయి, అన్నం కలుపుకుని తినడం కూడా కష్టమైన స్టేజిలో ఆపరేషన్లున్నాయి, థాలమస్‌లో వీఐఎమ్ అనే చోట ఎలక్ట్రోడ్ పెట్టే డీబీఎస్, దీనికి అమెరికాలో 1997లోనే ఆమోదం వచ్చింది, పుర్రె తెరవకుండా అల్ట్రాసౌండ్‌తో అదే చోటుని కాల్చే పద్ధతికి 2016లో వచ్చింది. మందులకన్నా వీటి గుణమే ఎక్కువ, ఖర్చూ రిస్కూ కూడా ఆ లెక్కలోనే. డీబీఎస్ హైదరాబాద్‌లో నిమ్స్‌తో సహా కొన్నిచోట్ల చేస్తున్నారు. మీ నాన్నగారు ఆ మెట్టుకి చాలా దూరంలో ఉన్నారు, ఇప్పుడు ఆ ఆలోచన వద్దు.

పార్కిన్సన్స్ భయం. అందులో వణుకు చెయ్యి ఊరికే ఉన్నప్పుడు ఎక్కువ, ముందు ఒక పక్కే మొదలవుతుంది, నడక నెమ్మదిస్తుంది, నడిచేటప్పుడు ఆ పక్క చెయ్యి ఊగదు, అక్షరాలు చీమల్లా చిన్నవైపోతాయి. మీ నాన్నగారికి పని చేసేటప్పుడే వణుకుతోంది, రెండు చేతులూ, ఇంట్లో ఇంకొకరికి ఉండేది, పై లక్షణాలేవీ మీరు రాయలేదు. ఎసెన్షియల్ ట్రెమర్ ఉన్నవాళ్లలో కొద్దిమందికి తర్వాత పార్కిన్సన్స్ లక్షణాలు రావడం ఉంది గానీ ఎక్కువమందికి రావు. ఆరు నెలలకో ఏడాదికో ఒకసారి చూపించుకుంటూ ఉంటే చాలు, నిజంగా అనుమానం వస్తే మెదడులో డోపమిన్ వ్యవస్థ ఎలా ఉందో చూపించే ట్రోడాట్ అనే స్కాన్ ఉంది, ఇప్పుడే అంత డబ్బు పెట్టక్కర్లేదు.

ఇక మీ సంగతి. కుటుంబాల్లో వచ్చే రకంలో తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే పిల్లలకి వచ్చే అవకాశం సగానికి సగం అని చెప్తాం, వచ్చినా ఏ వయసులో వస్తుంది, ఎంత ఉంటుంది అన్నది ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది, నివారించే మాత్ర అంటూ లేదు. ఫోన్ పట్టుకున్నప్పుడు మీ చెయ్యి కూడా కొంచెం అదురుతున్నట్టుందని చివర్లో రాశారు, ముందు థైరాయిడ్ చేయించుకోండి, నిద్ర, కాఫీ ఎంతో చూసుకోండి, పనికి అడ్డురానంతవరకు మాత్ర అక్కర్లేదు. ఎప్పుడైనా మొదలెట్టాల్సి వస్తే మాత్రం పిల్లల ప్లానింగ్ ఉందో లేదో డాక్టరుకి ముందే చెప్పండి, టొపిరమేట్, ప్రిమిడోన్ రెండూ కడుపులో బిడ్డకి మంచివి కావు, పైగా గర్భం రాకుండా వాడే మాత్రల పవర్‌ని ప్రిమిడోన్ తగ్గించేస్తుంది, టొపిరమేట్ కూడా పెద్ద డోసుల్లో ఆ పని చేస్తుంది.